ముగ్గురు సభ్యులు, ఐదుగురి కోరం

ఆ ఆదివారం సంగారెడ్డిలో రజియా వాళ్ల ముందుగదిలో ఉన్నవారు, ఉన్నవి: ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలు ముగ్గురు, తాళాలు చేసే రజియా తండ్రి కరీం చాచా, లోపలి గుమ్మానికి పరదా, దాని వెనక రజియా తల్లి, దాదీ అని పిలిచే నాయనమ్మ, చాయ్ కప్పులు ఏడు, రజియా లెక్కలు కట్టే స్లైడ్ రూలు ఒకటి, టైపు చేసిన కాగితాలు తొమ్మిది, వాటిని టైపు చేయించిన మూర్ఖుడు ఒకడు. జరిగిన అనర్థానికి ఇంత సరంజామా అక్కర్లేదు. ఆ మూర్ఖుడు ఒక్కడు చాలు. వాణ్ణి నేనే.

మా కాలేజీ మొత్తంలో అమ్మాయిలు రజియా, సరోజ, విమల. వాళ్లకు కూర్చుని అన్నం తినే గది లేదు. వర్క్‌షాపు వెనక, తొంగిచూసేవాళ్లకు వీపు పెట్టి, నిలబడి తినేవారు. సంగతి కరీం చాచాకు తెలిసింది. "కూసునే జాగ లేని కాడ సదువెందుకు బిడ్డా? వాపస్ వచ్చెయ్" అన్నారు.

యూనివర్సిటీ విద్యార్థినుల సంఘానికి మా కాలేజీలో శాఖ పెడితే గది ఇస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. ఆయన సంతకం చేసిన నియమావళి, మొదటి సమావేశం తీర్మానం సోమవారానికల్లా చూపించాలి. సమావేశం తన తండ్రి కళ్ల ముందే పెడదామంది రజియా.

నియమాలు రాస్తానని నేను ముందుకొచ్చాను. ఎవరూ అడగలేదు. మాది పటాన్‌చెరు, పొరుగూరి పిల్లకు ఆ మాత్రం సాయం చేయకపోతే ఎట్లా? నలభై ఒక్క నియమాలు రాశాను. పదకొండోది కోరం, అంటే సమావేశం చెల్లడానికి కనీసం ఎంతమంది ఉండాలన్నది. వంతెన మీద మూడు టన్నుల బండి పోతుందంటే నాలుగున్నర టన్నులకు కడతాం. సంఘానికి మాత్రం ఆ జాగ్రత్త వద్దా? సభ్యులు ముగ్గురు, ఒకటిన్నర రెట్లు చేస్తే నాలుగున్నర. అర మనిషి దొరకదు కనుక ఐదుగురు. నవ్వకండి. లెక్క రెండుసార్లు సరిచూశాను. రెండుసార్లూ ఐదే వచ్చింది. ప్రిన్సిపాల్ నా మీద నమ్మకంతో చివరి పేజీ చూసి సంతకం చేశారు.

రజియా ఒక్కో నియమం చదువుతుంటే చాచా తాళం పరీక్షించినట్టు విన్నారు. పదకొండు దగ్గర చెయ్యెత్తారు.

"ఆగు బేటీ. మీరెంతమంది?"

"ముగ్గురం, అబ్బాజాన్."

"మీటింగుకు ఎందరు కావాలె?"

"ఐదుగురు."

చాచా నావైపు తిరిగారు. "ఏంది బేటా ఇది?"

"సేఫ్టీ కోసం, చాచా."

"కొట్టేసి మూడని రాయి."

"కుదరదు. ముప్పై తొమ్మిదో నియమం. మార్చాలంటే మీటింగులో తీర్మానం చెయ్యాలె."

"అయితే మీటింగు పెట్టుండ్రి."

"దానికి ఐదుగురు కావాలె."

చాచా కప్పు కింద పెట్టారు. "చాబీ పెట్టెల వెట్టి తాళమేసినోళ్లు మస్తుమంది నా దగ్గరికొచ్చిన్రు. తనే పెట్టెల కూసొని తాళమేసుకున్నోన్ని నిన్నే సూస్తున్న."

"నువ్వేడ కూసున్నవన్నా?" అంది సరోజ. "పెట్టెల ఉన్నది మేము!"

నిజమే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను కొలతలు తీసి ముగ్గురికి సరిపడా తవ్వి, ఒడ్డున నిలబడ్డాను. రజియా స్లైడ్ రూలును డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఇక చదువు చాలన్నట్టు తండ్రి ముందుకు జరిపింది.

అప్పుడు పరదా వెనక నుంచి దాదీ గొంతు వినిపించింది. "మెంబరంటే ఎవరని రాసిండా పిలగాడు?"

మూడో నియమం చదివింది రజియా. "యంత్రపని నేర్చుకునే లేదా చేసే ఏ స్త్రీ అయినా." 'చేసే' అన్న మాట గంభీరంగా ఉంటుందని వేశాను. అంతకుమించి ఆలోచన లేదు.

"కరీం, చాబీలకు ఆకురాయి పట్టి గాట్లు కోసేదెవరు?"

"నువ్వే, అమ్మీ."

"స్ప్రింగులు సుట్టేది?"

"రజియా తల్లి."

"మరి ఊర్ల పేరెవరిది?"

చాచా ఖాళీ కప్పులోకి చూశారు. "నాది" అన్నారు. స్లైడ్ రూలు డబ్బాను కూతురి ముందుకు మెల్లగా జరిపారు.

"అయితే ఐదుగురమైనం. ఏడో నంబరేంది బేటీ?"

"మగవాళ్లకు ప్రవేశం లేదు, దాదీ." చాచా మెప్పు కోసం నేను వేసిన నియమం అది.

"ఇగ లేవుండ్రి ఇద్దరు."

అరుగు మీద చాచా, నేను పక్కపక్కన కూర్చున్నాం. లోపల ఐదుగురూ ఒకటే నవ్వు.

"మా అమ్మ గిట్ల నవ్వంగ ఎన్నడు ఇనలే" అన్నారు చాచా. "ఏం మాట్లాడుకుంటున్నరో" అని తలుపు వైపు చెవి పెట్టారు.

"ఏడో నియమం, చాచా."

గంట తర్వాత రజియా కాగితాలు తెచ్చింది. కోరం మూడైంది. నలభై ఒక్క నియమాల్లో నాలుగు బతికాయి. నా దస్తూరీ బాగుంటుందని తీర్మానం శుభ్రంగా రాయమంది. హాజరైనవారి పేర్లు రాసి, అలవాటుగా చివర నా పేరూ రాశాను.

"నువ్వేడున్నవ్ బేటా?" అంది దాదీ లోపలి నుంచి.

"అరుగు మీద, దాదీ."

"అయితే కొట్టెయ్."

సోమవారం గది వచ్చింది. ముగ్గురూ కూర్చుని అన్నం తిన్నారు. నేను అడుగుపెట్టని గదికి ఇక జన్మలో నియమాలు రాయనని, అగత్యమై రాస్తే ముందు తలలు లెక్కపెడతానని, నా స్లైడ్ రూలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. తీర్మానం నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. హాజరు: స్త్రీలు ఐదుగురు, పురుషులు సున్న.