బుజ్జమ్మ పథ్యం

నూజివీడు పెద్దబజారు వెనక వీధిలో వీరరాఘవయ్య ఇల్లంటే మామిడికాయల ఇల్లే. వైశాఖం వచ్చిందంటే వాకిట్లో, సావిట్లో, పెరట్లో ఎక్కడ చూసినా వరిగడ్డి పరుపులు, వాటి మీద రసాలు, బంగినపల్లి కాయలు. తోటల నుంచి బండ్లు వస్తుంటాయి. బుట్టలకెత్తిన సరుకు బాపులపాడు దారిన రైలు స్టేషనుకు పోతుంటుంది. గుమాస్తాలు, తోటల రైతులు, మద్రాసు నుంచీ హైదరాబాదు నుంచీ దిగే వర్తకులు అంతా కలిసి ఆ రెండున్నర నెలలూ పూటకు పాతికమందికి తక్కువ కాకుండా భోజనాలు. ఆ వంటంతా ఇంటి కోడలు బుజ్జమ్మ చేతి మీదుగానే జరిగేది.

బుజ్జమ్మది ఉంగుటూరు. పదహారో ఏట కాపురానికి వచ్చింది. వచ్చినప్పుడు బొద్దుగా, గలగలా మాట్లాడుతూ ఉండేది. 1947 వేసవి నాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. చెయ్యి పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోయేవి. తిన్న గంటకల్లా గుండెల్లో మంట, పుల్లటి తేపులు. నోరంతా పూసి కారం తగిలితే ప్రాణం పోయినట్టుండేది. అరికాళ్ళు మండుతుంటే తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది.

అత్తగారు గోవిందమ్మ చెడ్డమనిషి కాదు. మాట కరుకే గానీ, కోడలు చిక్కిపోతుంటే చూస్తూ ఊరుకోలేదు. “ఒళ్ళంతా వేడి చేసింది. ఇంటినిండా మామిడిపండ్లాయె, వాటి ఆవిరికే వేడి చేస్తుంది” అని తేల్చింది. ఆ రోజు నుంచి పండు ముట్టనివ్వలేదు. మామిడి షావుకారు ఇంట్లో ఉంటూ రెండు వేసవులు బుజ్జమ్మ ఒక్క రసం కూడా నోట పెట్టలేదు. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, కాసేపటికి సబ్జా నీళ్ళు, ఆ తర్వాత బార్లీ, సాయంత్రం పటికబెల్లం కలిపిన చల్లనీళ్ళు. చలువ చేసేదని పేరున్నదల్లా గోవిందమ్మ తెచ్చి తాగించింది. ఎంత చల్లబరిస్తే మంట అంత ఎక్కువైంది. డాక్టరు ఇచ్చిన గులాబిరంగు మందు తాగినన్నాళ్ళు కాస్త నెమ్మదించేది. సీసా అయిపోతే మళ్ళీ మామూలే.

జ్యేష్ఠమాసంలో ఒకరోజు అన్నం గంజి వారుస్తూ బుజ్జమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. గంజి అవతలికి ఒలికింది కాబట్టి బతికిపోయింది. భర్త ప్రభాకరరావు చేతుల మీద ఎత్తుకొచ్చి సావిట్లో పడుకోబెట్టాడు. ముఖాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి, ఆమె మొదట అన్న మాట, “అన్నం మెత్తబడిపోతుందేమో చూడండి.”

మామగారు వీరరాఘవయ్య ఆ మాట విని, గుమాస్తాను పిలిచి రాములు కోసం పంపాడు.

రాములు క్షవరం చేసే కులస్తుడు. ఆ ఇళ్ళల్లో నాడి చూడటం, మందు నూరడం కూడా తాతల నాటి నుంచి ఉన్న పనే. అరవై దాటిన మనిషి. చంకలో కత్తుల పొదితో పాటు మూలికల సంచీ ఉంటుంది. ఊళ్ళో సగంమంది అతని చేత గడ్డం గీయించుకున్నవాళ్ళే, మిగతా సగం అతని కషాయం తాగినవాళ్ళే.

అరుగు దగ్గర చెప్పులు విడిచి, సావిడి గుమ్మం లోపల గోడవారగా కూర్చుని బుజ్జమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. నాలుక చాపమన్నాడు. తెల్లటి పూత మందంగా ఉంది.

“ఆకలేస్తుందా తల్లీ?”

బుజ్జమ్మ నోరు తెరిచేలోగా గోవిందమ్మ అందుకుంది. “ఆకలెక్కడిది రాములూ. నాలుగు మెతుకులు తింటే నలభై తేపులు.”

“నిద్ర?”

“నిద్రా లేదు.”

రాములు అత్తగారినీ కోడలినీ మార్చి మార్చి చూశాడు. “అమ్మగారూ, నాడి పొద్దున ఒక రకంగా ఉంటది, ఎండెక్కాక ఒక రకంగా ఉంటది. మూడు పూటలా చూస్తే గానీ నాకు తెలియదు. రేపు పొద్దున్నే వచ్చి ఇక్కడే కూర్చుంటాను. చిన్నమ్మగారు మాత్రం రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి.”

అన్నట్టే మర్నాడు తెల్లవారేసరికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని గుమాస్తాలకు గడ్డాలు గీశాడు, కత్తులు నూరుకున్నాడు, కాయలు ఏరే ఆడవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడాడు. కళ్ళు మాత్రం వంటింటి గుమ్మం మీదే ఉన్నాయి. చీకటి విడకముందే పొయ్యి రాజేసిన బుజ్జమ్మ పది గంటలకు మొదటి బంతికి వడ్డించింది. పదకొండున్నరకు రెండో బంతి. పన్నెండున్నరకు తోటల నుంచి వచ్చినవాళ్ళు. మళ్ళీ ఎసరు. ఒంటిగంటకు మామగారు, భర్త. రెండింటికి అత్తగారు.

పన్నెండింటి వేళ నీళ్ళబిందె కోసం బయటికొచ్చినప్పుడు రాములు ఆమెను ఆపి నాడి చూశాడు. గోవిందమ్మ లోపల వడ్డనలో ఉంది.

“ఇప్పుడు చెప్పు తల్లీ. ఆకలేస్తుందా?”

బుజ్జమ్మ ఒకసారి వెనక్కి చూసింది. “ఇప్పుడే వేస్తుంది తాతా. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. ఒంటిగంట దాకా అలాగే ఉంటుంది. తర్వాత చచ్చిపోతుంది.”

ఆ మాట ఎవరితోనూ అనలేదు అంతవరకు. ఎవరూ అడగలేదు కూడా. అడిగినందుకే ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బిందె ఎత్తుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

మూడున్నరకు ఆమె వంటింటి మూల కూర్చుని తిన్న అన్నం కూడా రాములు కిటికీలోంచి చూశాడు. అడుగున బిగుసుకుపోయిన చల్లటి అన్నం, గిన్నెకు అంటిన పప్పు, ఊరగాయ, మజ్జిగ. అవి కూడా సగంలో వదిలేసి లేచింది.

సాయంత్రం వీరరాఘవయ్య అరుగు మీద కూర్చున్నాడు. గోవిందమ్మ గుమ్మం అవతల నిలబడింది. రాములు చిన్న కాగితం పొట్లం తీశాడు.

“ఒంట్లో వేడి వేరు, కడుపులో అగ్గి వేరు షావుకారుగారూ. చిన్నమ్మగారికి పిత్తం పొంగిన మాట నిజమే, అమ్మగారు చెప్పింది తప్పు కాదు. కానీ జఠరాగ్ని నడిమధ్యాహ్నం మండుతుంది. అప్పుడు దానికేమీ పడకపోతే ఒంటినే కాలుస్తుంది. అది చల్లారాక, అన్నం కూడా చల్లారాక తింటే అరగదు, పులుస్తుంది. ఆ పులుపు మీద మళ్ళీ చల్లటివి పోస్తుంటే పొయ్యి ఆరి పొగ మిగిలినట్టే.”

“మరి మందేంటి?” అన్నాడు వీరరాఘవయ్య.

“ఇదిగో ఈ పొడి. చిటికెడు. సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళకు పడాలి, అటూ ఇటూ కాకూడదు. పడిన వెంటనే పాతబియ్యం అన్నం, పొగలు కక్కుతుండగా, ఆవునెయ్యి, పెసరకట్టు. పులుపూ కారం వద్దు. తిన్నాక అరగంట పొయ్యి సెగ తగలకూడదు.” ఒక్క క్షణం ఆగాడు. “వడ్డన ఇంటి పెద్దావిడ చేతి మీదుగా జరగాలి. మా తాత నాటి నియమం.”

గోవిందమ్మకు నచ్చలేదు. “ఇంటికొచ్చిన మగాళ్ళు తినకముందే ఆడమనిషి భోంచెయ్యడమేంటి రాములూ?”

“అది భోజనం కాదమ్మగారూ. అనుపానం. తేనెలో రంగరించి ఇచ్చే మందుకు తేనె ఎలాగో, దీనికి అన్నం అలాగ.”

వీరరాఘవయ్య మీసాల కింద ఏదో కదిలింది గానీ అది నవ్వో కాదో చెప్పడం కష్టం. “అనుపానం లేని మందు పనిచెయ్యదు కదా. కానియ్యండి” అని లేచాడు.

మొదటిరోజు బుజ్జమ్మ పెరటి వసారాలో ఆకు ముందు ఒదిగి కూర్చుని గుమ్మం వైపే చూసింది. లోపల రెండో బంతి నడుస్తోంది, తనేమో ఇక్కడ కూర్చుంది. గోవిందమ్మ ముఖం గంటు పెట్టుకుని వేడన్నం వడ్డించింది, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. “తిను. చల్లారితే మందు చెడిపోతుందట” అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. బుజ్జమ్మ అన్నం కలుపుకుంది. కాపురానికి వచ్చాక తనకు ఒకరు వడ్డించడం అదే మొదలు. పుట్టింట్లో అమ్మ చేతి నెయ్యి గుర్తుకొచ్చింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, అంతా తిన్నది.

వారానికి పుల్లతేపులు తగ్గాయి. పదిహేను రోజులకు నోటిపూత మానింది. ఒకనాడు పొద్దెక్కేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి, లేచి కంగారుపడింది. అప్పటికే పొయ్యి వెలిగించి ఉంది. ప్రభాకరరావు నీళ్ళు తోడిపెట్టి, ఏమీ ఎరగనట్టు కాయల దగ్గర నిలబడి ఉన్నాడు. నెల తిరిగాక రాములు వచ్చి నాలుక చూసి, “గంటసేపు నీళ్ళలో నానేసిన పండు, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి తినొచ్చు” అన్నాడు. పంట చివరి కాయలు అవి. గోవిందమ్మ తనే ఏరి, నానబెట్టి, చిన్నరసం ఒకటి కోడలి చేతిలో పెట్టింది. బుజ్జమ్మ ముచ్చిక తీసి పీల్చింది. రసం మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు. ఎదురుగా నిలబడిన అత్తగారు ముఖం పక్కకు తిప్పుకుని, “టెంక కూడా చీకు, తీపంతా అక్కడే ఉంటుంది” అన్నది.

స్వరాజ్యం వచ్చి ఊళ్ళో జెండా ఎగరేసిన వారానికి పొట్లం ఖాళీ అయింది. బుజ్జమ్మ గోవిందమ్మతో చెప్పి రాములు ఇంటికి వెళ్ళింది. రాములు చూరు కింద కూర్చుని కరక్కాయలు దంచుతున్నాడు.

“పొడి అయిపోయింది తాతా.”

“అయిపోతే పోయింది తల్లీ. శొంఠి, ధనియాలు, కాస్త ఎండు ఉసిరి. మీ వంటింట్లో లేనిదేముంది. ఇక దాంతో పనిలేదు. అనుపానం మాత్రం మానొద్దు.”

బుజ్జమ్మ అక్కడే నిలబడిపోయింది. సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ ముసలాయన గొంతెత్తి చెప్పలేని మాటను పొట్లం కట్టి ఇచ్చాడు. వంగి కాళ్ళకు దండం పెట్టబోతే అతను కంగారుగా వెనక్కి జరిగాడు. “వద్దమ్మా, ఎవరన్నా చూస్తే బాగుండదు.” ఆమె రెండు చేతులూ జోడించి వచ్చేసింది.

దారిపొడుగునా ఆమెకు ఇంకో ఆలోచన. తను వసారాలో తింటున్న అరగంట పొయ్యి దగ్గర ఎవరున్నారు? ఆ తర్వాతి వడ్డన ఎవరిది? ఈ రెండు నెలలూ అత్తగారు అన్నం ముందు కూర్చునేసరికి మూడు దాటుతోంది. మోకాళ్ళు పట్టుకుని లేవడం, వాము నములుతూ తిరగడం తను రోజూ చూస్తూనే ఉంది. చూసింది గానీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం వసారాలో రెండు ఆకులు వేసింది. గోవిందమ్మను పిలిచి, “రాములు తాత మీకూ పొడి ఇచ్చాడు అత్తయ్యా. ఇదే వేళకు పడాలట” అని ఒక పొట్లం చేతిలో పెట్టింది. అబద్ధం ఆడటం అలవాటు లేక చెవులు ఎర్రబడ్డాయి.

గోవిందమ్మ పొట్లం విప్పి వాసన చూసింది. “ఇది మన డబ్బాలో శొంఠే.”

బుజ్జమ్మ తలొంచుకుంది.

“అప్పుడతను ఇచ్చిందీ అంతే. నలభై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, శొంఠి వాసన తెలీదనుకున్నారా మీరంతా. పొట్లం విప్పిన రోజే తెలుసు.”

“తెలిసీ మరి ఎందుకు…”

గోవిందమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా పీట మీద కూర్చుంది. “మా అత్తగారి రోజుల్లో దీపాలు పెట్టే వేళకే తినేదాన్ని. ఇద్దరు బిడ్డలు కడుపులో ఉండగా కూడా అంతే. ఈ మంట నాకు అప్పటి నుంచీ ఉంది. ఆడవాళ్ళకు ఉండేదే అనుకున్నాను. నువ్వు గంజి దగ్గర పడిపోయినప్పుడు భయమేసింది. నేనే చెప్పాలంటే నోరు రాలేదు. రాములు పొట్లం తెస్తే దేవుడు పంపినట్టయింది.” ఆకు ముందుకు లాక్కుంది. “వడ్డించు మరి. చల్లారిపోతుంది.”

బుజ్జమ్మ అన్నం మధ్యలో గుంట చేసి నెయ్యి పోసింది. ఆ పూట అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. కాపు ముగిసినా లెక్కలకు వచ్చిపోతున్న రైతులు మూడో బంతికి పావుగంట ఆగాల్సి వచ్చింది. వీరరాఘవయ్య వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి ఆ ఏటి బంగినపల్లి సంగతులు చెప్పాడు.

మరుసటి వేసవికి హైదరాబాదు వైపు రజాకార్ల గొడవల వల్ల అటు వర్తకులు అంతగా రాలేదు. భోజనాలూ తగ్గాయి. వంటకు సాయంగా ఒక విధవరాలిని పెట్టుకున్నారు. ఆమె ఆకు కూడా వసారాలోనే పడింది. మంట పూర్తిగా పోయిందని చెప్పలేం. పెళ్ళిళ్ళ రోజుల్లో, వేళ తప్పినప్పుడు బుజ్జమ్మకు మళ్ళీ వచ్చేది, మళ్ళీ సర్దుకునేది. కానీ ఒళ్ళు తేరుకుంది, మాటా తేరుకుంది.

1949లో రాములు చూపు మందగించింది. కొడుకులు బెజవాడలో వేరే పనుల్లో కుదిరారు, నాడి పట్టడం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒకరోజు అరుగు మీద అతను ఆ మాట అంటే బుజ్జమ్మ, “నువ్వు చెప్పు తాతా, నేను రాస్తాను. అయిదో తరగతి దాకా చదివాను” అన్నది. ప్రభాకరరావు బజారు నుంచి గీతల నోటుబుక్కు తెచ్చాడు. మధ్యాహ్నాలు, తిన్నాక, రాములు చెప్పేవాడు, ఆమె వసారా గుమ్మంలో కూర్చుని రాసేది. మందుల కంటే అడగాల్సిన ప్రశ్నలే ఎక్కువ చెప్పేవాడు. ఏ వేళకు తింటారు, ఎవరితో తింటారు, తిన్నాక ఏ పనికి లేస్తారు, ఎవరి మీద కోపం దిగమింగుతున్నారు.

గోవిందమ్మ తమలపాకులు తుడుచుకుంటూ వినేది. అజీర్తి కషాయం దగ్గరికొచ్చినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయింది.

“వాము అంత వద్దు రాములూ, గొంతు పట్టేస్తుంది. సగం రాయవే.”

బుజ్జమ్మ రాములు వంక చూసింది. రాములు కాసేపు ఆలోచించి, “అమ్మగారు చెప్పిందే రాయి తల్లీ” అన్నాడు.