తెర వెనక గూడు

ఆయన్ని వీధిలో అందరూ చాటుగా 'గడ్డం కిందికి' అంటారు. ఎదురుపడితే మాత్రం స్టూడియో గారు. ఎవరు ఫొటోకి కూర్చున్నా ఆయన నోట మొదట వచ్చే మాట అదే మరి. "గడ్డం కొంచెం కిందికి. కళ్ళార్పకండి." అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ మాట అనే పనే తగ్గిపోయింది. స్టూడియో ముందు గదిలో, కాపురం వెనక గదిలో. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, ఆయన.

వెనక గది కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. ఎప్పుడో గొట్టం పీకేసిన చోట పైన ఓ కన్నం మిగిలిపోయింది. ఒక సాయంత్రం అందులోంచి రెండు పచ్చటి కళ్ళు ఆయన్ని చూశాయి. ఎంతసేపైనా ఆర్పలేదు. వాటి వెనక ఇంకో జత మెరిసింది. గుడ్లగూబ పిల్లలు.

ఫొటో తీసి మేనకోడలికి పంపాడు. అక్క పోయాక బావ ఆ పిల్లని తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆయన పొద్దున్నే పంపే పూల బొమ్మలకి జవాబు రావడం ఎప్పుడో మానేసింది. దీనికి మాత్రం వెంటనే వచ్చింది.

"మామయ్యా, నిజంగా మనింటి దగ్గరేనా?"

'మనింటి' అన్న మాట దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయాడు.

ఆ రోజు నుంచీ రోజుకో ఫొటో. పెద్దది ఎప్పుడూ ముందుకొచ్చి కూర్చునేది. చిన్నది దాని వెనక నక్కేది.

"చిన్నదాని మొహం కనిపించదేంటి మామయ్యా? ఆ కొమ్మ అడ్డం."

పక్కింటి చెట్టు కొమ్మ ఒకటి కన్నం మీదికి వాలి ఉంది. ఫొటోకి అడ్డమొచ్చింది తీసెయ్యడం ఆయన చేతికి పట్టిన అలవాటు. ఎన్ని కాలర్లు సర్దాడో, ఎంతమంది నుదుటి మీద జుట్టు పక్కకి తోశాడో. పక్కింటి టైలరమ్మని అడిగాడు.

"కొట్టెయ్ అన్నయ్యా, నా బట్టలకీ కాస్త ఎండ తగుల్తుంది" అందామె.

కొట్టేశాడు. ఆ సాయంత్రం రెండు మొహాలూ నిండుగా వచ్చాయి.

"క్లాసులో అందరికీ చూపించా. సెలవులకి వచ్చి చూస్తా" అని రాసింది పిల్ల. ఆయన ఆ రాత్రే మంచం మీది దుప్పటి మార్చి, తను కింద చాప మీద పడుకున్నాడు, సెలవులు ఎక్కడో ఉన్నా.

తెల్లారి కాకుల గోల. ఆయన చీపురు పట్టుకుని పరిగెత్తేసరికి ఒక కాకి పెద్దదాన్ని ముక్కున పట్టుకుని మిద్దె మీదికి ఎగిరిపోయింది. నిన్నటిదాకా కాకులకి ఆ కన్నం కనపడకుండా చేసింది ఆ కొమ్మే. ఆయనకది అప్పుడు తెలిసింది. చిన్నది లోపల గోడకి అతుక్కుపోయింది.

స్టూడియోలోకి వెళ్ళి ఫొటోల వెనక వేలాడదీసే నీలం తెర ఊడదీసి తెచ్చాడు. కన్నం పైన మేకులు కొట్టి, తల్లి గుడ్లగూబ దూరడానికి ఒక పక్క సందు వదిలి, కట్టాడు. టైలరమ్మ స్టూలు పట్టుకుంది.

"ఇదేంటన్నయ్యా, గోడకి పాస్‌పోర్టు ఫొటోనా?"

"స్టూలు కదలనివ్వకు."

"రేపు ఎవరైనా వస్తే ఎక్కడ కూచోబెడతావు?"

"ఉత్త గోడ ముందు."

"బాగానే ఉంది. మరి దీన్ని ఫొటో ఎలా తీస్తావు?"

ఆయన నోట్లో ఇంకో మేకు పెట్టుకున్నాడు.

చీకటి పడుతుండగా తల్లి వచ్చి తీగ మీద వాలింది. ముక్కున ఏదో ఉంది. తెర వైపు చూసి, ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఆయన దీపం ఆర్పి, కిటికీ దగ్గర కదలకుండా కూర్చున్నాడు. ఇక రాదేమో అనుకుంటుండగా ఏదో నీడ సందులోంచి జారినట్టయింది. లోపల్నుంచి బుసబుసమంటూ చిన్నదాని ఆకలి గొంతు వినిపించింది. అప్పటికిగానీ ఆయనకి తనూ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని గుర్తురాలేదు.

ఫోన్లో పిల్ల మాట ఎదురుచూస్తోంది. "ఈరోజు ఫొటో ఏది?"

తెర ఫొటో పంపి, కింద రాశాడు: "కొమ్మ కొట్టేశాను. అందుకే కాకి పెద్దదాన్ని ఎత్తుకుపోయింది. చిన్నది దీని వెనక క్షేమం. ఇక ఫొటోలు ఉండవు."

కొమ్మ అడ్డమని మొదట అన్నది ఎవరో మాత్రం ఆయన రాయలేదు.

పిల్ల చదివినట్టు ఫోన్లో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫొటోకి వచ్చిన ఒకాయన ఉత్త గోడ చూసి వేరే స్టూడియో ఎక్కడుందో అడిగి వెళ్ళాడు. సెలవులు వచ్చాయి, అయిపోయాయి. మంచం మీద దుప్పటి మడత నలగలేదు.

ఒక సాయంత్రం తెర లోపల్నుంచి ఉబ్బింది. సందులోంచి చిన్నది బయటికి పాక్కుంటూ వచ్చి, మేకు మీద కూర్చుంది. రెక్కలు వచ్చేశాయి. ఆయన ఒళ్ళో కెమెరా ఉంది.

"గడ్డం కొంచెం కిందికి" అన్నాడాయన మెల్లిగా.

అది తల పూర్తిగా అటు తిప్పేసుకుని, ఎగిరిపోయింది. ఆయన కెమెరా మూత తియ్యనేలేదు.

తెర మాత్రం కొన్నాళ్ళు అలాగే ఉంచాడు.