కోయకూడని గడ్డి

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో మా కంచరపాలెం మగాళ్లంతా అక్కడ ఇనుము మోస్తుంటే, నేను కొండ దిగువన గడ్డికి కాపలా కాసేవాణ్ణి. నవ్వకండి, దానికి రోజుకూలీ ఇచ్చేవారు. ఓ పరిశోధన ఆఫీసు వాళ్లు కాస్త నేలకు ముళ్లకంచె వేశారు. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఏ మొక్క పోతుందో, ఏది కొత్తగా వస్తుందో రాసుకునేవారు. అప్పటికే పదేళ్లు దాటింది. ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండడం కూడా ఉద్యోగమేనని అక్కడే తెలిసింది నాకు.

నలభై దాటాక రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దాను. బడి బయట మొదట చదివింది మా గేటు బోర్డే: ఇక్కడ గడ్డి కోయరాదు, పుల్ల విరవరాదు, పశువులను మేపరాదు.

ఇంకో బోర్డు ఆఫీసు వరండాలో ఉండేది. ఇలా నేలను కనిపెట్టుకుని కూర్చునేవాళ్లు దేశమంతా ఉన్నారట, వాళ్లందరికీ ఓ కూటమి. ఎవరికి ఫెలోషిప్ వచ్చింది, సభ ఏ ఊళ్లో, విదేశాల్లో శిక్షణ ఎవరికి, అన్నీ ఆ బోర్డుకే అంటించేవారు. మా ఇన్‌చార్జి గారు మొక్కల కంటే దాన్నే ఎక్కువసేపు పరిశీలించేవారు.

ఓ రోజు కబురొచ్చింది. కూటమి పెద్దలు మా స్థలం చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే మమ్మల్నీ చేర్చుకుంటారు.

"నా ఫారిన్ ట్రిప్పు ఖాయం. నిన్ను కూడా పర్మినెంటు చేయిస్తానోయ్" అన్నారు ఇన్‌చార్జి గారు.

తెల్లారితే వాళ్లొస్తారనగా కంచె దగ్గరికి వచ్చి మొహం చిట్లించారు.

"ఏంటోయ్ ఈ అడివి? శుభ్రం చేయించు."

"బాబూ, కొయ్యొద్దని మీరే బోర్డెట్టించారు గదా, ఇప్పుడు కొయ్యమంతారేటి?"

"బోర్డు జనానికి, మనకి కాదు. పర్మినెంటు కావాలా వద్దా?"

కావాలి. నోరు మూసుకుని కూలీలను పిలుచుకొచ్చాను. సాయంత్రానికి పదేళ్ల పరిశోధన బండికెక్కి పశువుల మేతకు పోయింది. కంచె రాళ్లకు సున్నం కొట్టారు. గేటుకు బంతిపూల దండ కూడా వేశారు.

మర్నాడు పెద్దలు వచ్చి, నున్నటి నేల మధ్య నిలబడి, స్థలం ఎక్కడని అడిగారు. ఇదేనన్నారు ఇన్‌చార్జి గారు. అందులో ఒకాయన వంగి, తెగిన మోడును వేలితో తడిమాడు.

"ఎవరు కోశారిది?"

"వీడేనండి. చదువు రాదు. బోర్డు మీద ఏముందో తెలీక కోయించేశాడు."

దొంగ అన్నా పడేవాణ్ణేమో. బోర్డు ముందుకు నడిచి, గొంతెత్తి చదివాను. గడ్డి, పుల్ల, పశువులు, కింద చిన్నక్షరాల్లో ఉన్న 'ఇట్లు, ఇన్‌చార్జి' వరకూ ఏదీ వదల్లేదు. పెద్దలు చివరిదాకా విని, కొబ్బరిబోండాలు తాగి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా వరండాలో రెండు నోటీసులు వెలిశాయి. ఒకటి, ఇన్‌చార్జి గారు విదేశీ శిక్షణకు ఎంపికయ్యారు. నేర్చుకునేది, నేలను ముట్టుకోకుండా కాపాడే పద్ధతులు. రెండోది, పరిశోధన మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలు. దానికి కొత్త కాపలాదారు కావాలి, పదో తరగతి పాసై ఉండాలి. ఎవరి సాయమూ లేకుండా రెండూ నేనే చదువుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ చేపలు తోముతూ తల కూడా ఎత్తలేదు.

"సదువు రానప్పుడు ఉజ్జోగం ఉండీది. సదువొచ్చింది, ఉజ్జోగం పోనాది. ఇంకో పుస్తకం ముట్టుకో సూద్దాం, కొంప కూడా పోతాది."