రేడియో ముందు పెట్టిన టేప్‌రికార్డర్

నిన్న కారులో మా అమ్మాయి పాత హెవీ మెటల్ పాట ఒకటి పెట్టింది. ఎనభైల్లో ఇక్కడ అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో పెరిగిన మన బ్యాచ్‌కి గుర్తుందా? రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ఊపిరి బిగబట్టి పాటలు రికార్డ్ చేసుకునేవాళ్ళం. నా క్యాసెట్‌లో ఈ పాటకి, గిటార్ సోలో ఆగిన చోట, వంటింట్లోంచి అమ్మ కేక కూడా పడింది: "ఒరే చిన్నా, పప్పు చల్లారిపోతోంది, రా!"

క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. అమ్మ మాత్రం "ఏం మోతరా అది, ఆఫ్ చెయ్" అని చెవులు మూసుకునేది.

నిన్న కారులో అమ్మాయి ఫోన్‌లోంచి పాట మరీ శుభ్రంగా, తిరగమోత వేయని పప్పులా వినిపించింది. సోలో ఆగింది. వెనక సీట్లో కునుకు తీస్తున్న అమ్మ, కళ్ళు తెరవకుండానే, సరిగ్గా అక్కడే అందుకుంది:

"ఒరే చిన్నా, పప్పు చల్లారిపోతోంది, రా!"