నాయిన సముద్రం చేరిండా

కోదాడలో సముద్రం గురించి మీటింగ్ అంటే మా స్టాఫ్ రూమ్‌లో నవ్వని వాళ్లు లేరు. ఈత వస్తేనే రానిస్తారా అని ఒకరు, వచ్చేటప్పుడు రొయ్యలు తెమ్మని ఒకరు. నదులు సముద్రంలో కలిసే చోట్ల మీద, తీరం మీద పరిశోధన చేసేవాళ్లకు ఒక ప్రాంతీయ సంఘం ఉంది. అందులో సగం మంది హైదరాబాద్ వాళ్లు, సగం మంది కోస్తా వాళ్లు. ఎవరి దగ్గరికి ఎవరు రావాలన్న పంచాయితీ వాళ్లకు ఏటా ఉండేదట. ఈసారి ఆ తగువు తెంపుకోవడానికి నడిమధ్యన ఉన్న కోదాడలో ఒక ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నారు. చుట్టుపక్కల కాలేజీల నుంచి ఒక్కరైనా రావాలని కబురు పెడితే మా ప్రిన్సిపాల్ నా వైపు చూశారు.

నేను సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. మడ అడవుల పాఠం వచ్చినప్పుడల్లా బొమ్మ చూపించి గట్టెక్కడమే తప్ప, మడచెట్టు ఆకు ఒక్కటి చేత్తో పట్టుకున్నది లేదు. నాకేమో దేన్నైనా ముట్టుకొని, వాసన చూసి, వీలైతే నాలుక మీద వేసుకుంటే గానీ తృప్తి ఉండదు. ఈ గుణానికి చిన్నప్పుడు అమ్మ చేతి దెబ్బలు చాలానే తిన్నాను. పిలవని పేరంటానికైనా పోయే రకాన్ని, పిలిస్తే ఆగుతానా.

అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆ పొద్దున నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చి, సెలవు రోజు ఎక్కడికని అడిగింది. చెప్పాను. అక్కడికి వచ్చేవాళ్లకు సముద్రం సంగతంతా తెలుసా అని అడిగింది. తెలుసు కాబట్టే వస్తున్నారన్నాను. చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"అయితే ఒక్క మాట అడిగిరా. మీ నాయిన సముద్రానికి చేరిండా, లేదా?"

మా నాయిన గొర్రెలు కాసినవాడు. వరికోతలు కాగానే మందను తోలుకొని కోదాడ మీదుగా కృష్ణా డెల్టాలోకి, దివిసీమ దాకా నడిచి పోయేవాడు. అక్కడి రైతులు కోసిన పొలాల్లో మంద పెట్టించుకునేవాళ్లు. రాత్రంతా గొర్రెలు పడుకున్నందుకు పొలానికి ఎరువు, మందకు మేత, మనిషికి వడ్లు. ఆ పొలాల నుంచి సముద్రం ఎంతో దూరం కాదు. గాలి ఇటు తిరిగితే హోరు వినపడేదని ఆయనే చెప్పేవాడు. తోటివాళ్లు వంతులు వేసుకొని పోయి చూసి వచ్చేవాళ్లు. ఈయన మాత్రం పోలేదు. తన గొర్రెలు ఇంకొకరి అదిలింపుకు ఆగవని ఆయన నమ్మకం. ఏటా పోయేవాడు, ఏటా చూడకుండానే వచ్చేవాడు. పెండ్లికి పోయి పిల్లను చూడకుండా వచ్చినోడని అమ్మ వచ్చినవాళ్లందరి ముందూ ఆయన్ను ఆడిపోసుకునేది. వచ్చే ఏడు చూస్తానని ఆయన అనేవాడు. ఆ వచ్చే ఏడు రాలేదు.

ఆయన పోయింది నడి ఎండాకాలం. మా వైపు వాళ్లం అస్థికలు వాడపల్లిలో కలుపుతాం, మూసీ వచ్చి కృష్ణలో పడే చోట. అప్పుడు నీళ్లు బాగా దిగిపోయి ఉన్నాయి. బురదలో నడిచి నడిచి, మోకాలి లోతు దొరికిన దగ్గర కలిపి వచ్చాం. ఇక ఇక్కడి నుంచి ఆయన చక్కగా సముద్రానికే పోతాడని మిర్యాలగూడ మేనమామ అన్నాడు. ఏడుస్తున్న మనిషిని ఊరుకోబెట్టడానికి అన్న మాట. అమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఇట్లాంటివి మీటింగుల్లో అడగరని చెప్పాను. ఎందుకు అడగరు, సముద్రం గురించే కదా అంది. బస్సుకు టైమైందని చెప్పులేసుకొని బయటపడ్డాను.

కోదాడలో ఆ హాలు చూసి నాకు నవ్వాగలేదు. స్టేజీ మీద ముందురోజు పెళ్లి బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వాటి ముందు పీతల బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే సింహాసనం కుర్చీల్లో ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తలు కూర్చొని ఉన్నారు. గుమ్మం పక్కన బల్ల మీద సీసాలు వరసగా పెట్టారు. ఒక్కోదాంట్లో నది సముద్రంలో కలిసే ఒక్కో చోటి బురద. నేను ఊరుకుంటానా. ఒకదాని మూత తీసి వాసన చూశాను, మురిగిన కోడిగుడ్డు కంపు. అయినా వేలితో కాస్త తీసి నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా ఉంది.

"రుచి చూడకండి మేడమ్. అందులో ఏమున్నాయో మేమే ఇంకా తేల్చలేదు," అంది బల్ల వెనకున్న అమ్మాయి. కోస్తా నుంచి వచ్చిన పరిశోధకురాలు. చీవాట్లు పెట్టినట్టు కాదు, నిజంగానే జాగ్రత్త చెప్పినట్టు అంది. అక్కడే నాకు నచ్చింది.

మధ్యాహ్నానికి ముందు ఆ అమ్మాయే మాట్లాడింది. ఒకే ఊరి తీరం, వేర్వేరు కాలాల ఫొటోలు తెర మీద వేసింది. మొదటి దాంట్లో ఉన్న సరుగుడు తోట చివరి దాంట్లో లేదు. సముద్రం తినేసింది. నది నీళ్లే తెస్తుందని మనం అనుకుంటాం, అది మట్టిని కూడా తెస్తుంది, ఆ ఒండ్రు వస్తుంటేనే తీరం నిలబడుతుంది, దారిలో ఎక్కడ కట్ట అడ్డం పడితే మట్టి అక్కడే కూర్చుంటుంది అని చెప్పింది. నేను పెన్ను కింద పెట్టేశాను. వాడపల్లికి దిగువన పులిచింతల డ్యామ్ ఉంది, దాని దిగువన విజయవాడ బ్యారేజీ ఉంది. మరి నాయిన ఎక్కడ ఆగినట్టు?

ప్రశ్నలు అడగమనగానే చెయ్యెత్తాను. అస్థికలనడానికి నోరు రాలేదు. ఎండాకాలంలో వాడపల్లి దగ్గర నీళ్లలో సన్నటి పొడి కలిస్తే అది సముద్రం దాకా పోతుందా అని అడిగాను. అంతే, హాలంతా కదిలింది. వాడపల్లి అంటే సిమెంటు ఫ్యాక్టరీలు కదా, నేను ఆ ధూళి మీద ఫిర్యాదు పట్టుకొచ్చాననుకున్నారు. ఇలాంటి గొడవలు ఈ వేదిక మీద వద్దని సింహాసనం మీది పెద్దాయన అన్నారు. ఎందుకు వద్దు, ఆమెను అడగనివ్వండని వెనక వరసల్లోంచి ఎవరో లేచారు. రెండు వైపులా మాటా మాటా పెరిగింది. అటూ ఇటూ నా తరఫున, నా మీద, నా సంగతి ఒక్కరికీ తెలియకుండానే కొట్లాడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.

"సిమెంటు కాదు సార్. మా నాయిన అస్థికలు."

ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం ఏ నెలలో కలిపారని అడిగింది. చెప్పాను. భోజనాల దగ్గర మాట్లాడదామంది.

అన్నట్టుగానే వచ్చి నా పక్కన కూర్చుంది. ఖాళీ పేపర్ ప్లేటు తిరగేసి దాని మీద పెన్నుతో కృష్ణను గీసింది. బరువైన ముక్కలు కలిపిన చోటికి దగ్గర్లోనే దిగిపోతాయంది. సన్నటి పొడి కొంత నీళ్లతో పోతుంది, కానీ ఎండాకాలంలో నీళ్లకు పెద్దగా నడక ఉండదు, పులిచింతల దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి వదిలిన నీళ్లు బ్యారేజీ దగ్గర కాలువల్లోకి మళ్లుతాయి. నేను ఊరుకోకుండా కాలువలు ఎటు పోతాయి, వరదొస్తే అడుగున ఉన్నది లేస్తుందా, ఎముక నీళ్లలో కరుగుతుందా అని అడుగుతూనే ఉన్నాను. పాపం ఆ పిల్ల పప్పుచారు చల్లారిపోయింది. చివరికి ప్లేటు నాకిచ్చేసింది.

"చేరారని చెప్పలేనండీ. చేరలేదనీ చెప్పలేను. కొంత అక్కడే ఉండి ఉంటుంది. కొంత కాలువల్లో పడి డెల్టా పొలాల్లోకి పోయి ఉంటుంది. మిగతాది, వరదొచ్చి గేట్లన్నీ ఎత్తినప్పుడు కదులుతుంది."

సూర్యాపేట బస్సులో ఆ ప్లేటు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. చేరిండమ్మా అని ఒక్క మాట అంటే అమ్మ ప్రాణం కుదుటపడుతుంది. నోటి దాకా వచ్చిన అబద్ధమే అది. కానీ అంత చదువుకున్న పిల్ల తెలియనిది తెలియదని చెప్పింది. నేను ఇంటికి పోయి కమ్మగా అబద్ధమాడితే ఆ బురద నాకింది దేనికి?

చెప్పులు విడవకముందే అమ్మ ఎదురొచ్చింది. ప్లేటు చూపించి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మ ఎక్కడా అడ్డు రాలేదు. పొలాల మాట దగ్గర మాత్రం ఆపి, ఏ పొలాలని అడిగింది. దివిసీమ వైపు కూడా ఆ కాలువలే పోతాయన్నాను.

"సచ్చినంక గూడ గాడికే పోయిండు," అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి, గేట్లు ఎప్పుడు ఎత్తుతారని అడిగింది.

ఆ వానకాలం ఎగువన బాగా కురిసింది. అమ్మ సీరియళ్లు మానేసి వార్తలు పెట్టుకొని కూర్చునేది. సాగర్ గేట్లు ఎత్తారని చూపించారు, తర్వాత పులిచింతలవి. ఒకరోజు సాయంత్రం నన్ను కేకేసి పిలిచింది. విజయవాడ బ్యారేజీ కింద ఎర్రటి నీళ్లు నురగలు కక్కుతూ పోతున్నాయి. అన్ని గేట్లూ ఎత్తారా, ఒక్కటి కూడా మూసి లేదు కదా అని అడిగింది. అన్నీ ఎత్తారని చదివి చెప్పాను.

మా ఇంట్లో గొర్రెలు లేక చాలా ఏళ్లయింది. నాయిన పోయిన ఏడే మందను అమ్మేశాం. అమ్మ కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకొని, ఎదురుగా నిలబడ్డ మనిషితో అన్నట్టు మెల్లగా అంది.

"మందను నేను సూసుకుంట. నువ్వు పోయి సూసిరా."