గోడకు అంటించని కాగితం

“ఆసుపత్రి దగ్గర ఊయల ఉంటుందని నీకు ముందే తెలుసా, ఆయమ్మా?”

“నాకేం తెలుసమ్మా, చదువురాని మొద్దుని.”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. పోలీస్ స్టేషన్ వరండాలో, పక్కన లేడీ కానిస్టేబుల్ ఉండగా మా హాస్టల్ పిల్ల అడిగింది. నేను అబద్ధమాడాను. చదువు రాదన్నది నిజమే. సంతకం గీకుతాను, బస్సు మీద ఊరిపేరు కూడబలుక్కుంటాను, అంతే. కానీ ఊయల సంగతి నాకు తెలుసు.

ఇది రాస్తున్నది మా అక్క మనవరాలు. మంగళగిరిలో డిగ్రీ చదువుతోంది. పెంచుకోలేని బిడ్డను అప్పగించే చట్టం గురించి కాలేజీలో తోటి పిల్లలకు చెప్పాలట, జరిగింది చెప్పు అమ్మమ్మా అని కూర్చుంది.

మా ఆయన పోయాక విజయవాడలో ఒక కోచింగ్ హాస్టల్లో ఆయాగా చేరాను. ఆ పిల్లది కంకిపాడు అవతల పల్లె. ఇంటర్ అయిపోయి, డాక్టరు సీటు కోసం లాంగ్‌టర్మ్ చదువుతోంది.

దసరా సెలవులయ్యాక పిల్లల సంక్షేమ ఆఫీసు నుంచని ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పిల్లలతో మాట్లాడతామంటే వార్డెన్ మేడమ్ టైం లేదంది. వాళ్ళు కాగితాల కట్ట నా చేతిలో పెట్టి, నాకే చెప్పారు. కన్న బిడ్డను పెంచుకోలేని తల్లి ఎక్కడో పారేసి రానక్కర్లేదట. పెద్దాసుపత్రి దగ్గర ఊయలలో పడుకోబెట్టవచ్చట. లేదంటే పిల్లల సంక్షేమ కమిటీ వాళ్ళకు అప్పగించవచ్చట. పేరు బయటపెట్టరు, అలా అప్పగించినందుకు కేసు పెట్టరు. మనసు మారితే రెండు నెలల్లోపు వెళ్ళి బిడ్డను తిరిగి అడగవచ్చు. “మెట్ల దగ్గర అంటించండి, పెద్దమ్మా” అని వెళ్ళారు.

వాళ్ళు గేటు దాటగానే మేడమ్ అంది: “ఇవి పేరెంట్స్ చూస్తే ఇంకేమన్నా ఉందా? ఇక్కడ ఇలాంటివి జరుగుతాయనుకోరూ?”

ఆవిడనొక్కదాన్నే అనను. నేనన్నదీ రాయి. “పెళ్ళికాని పిల్లల కళ్ళెదుట ఉయ్యాల బొమ్మలేంటి మేడమ్, లేని బుద్ధులు పుట్టించడానికా?” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కాగితం మందంగా ఉందని వంటింటి అలమారాలో బొమ్మ కిందికి తిప్పి పరిచి, పైన పోపు డబ్బాలు పెట్టాను.

ఆ వారంలోనే ఆ పిల్ల పోపు వాసనకు ముక్కు మూసుకుంటే, “ఏంటే, వేవిళ్ళా?” అని నలుగురిలో ఎగతాళి చేశాను. కంచం వదిలేసి లేచిపోయింది. తర్వాత వదులు చుడీదార్లు మొదలెట్టింది. నలుగుర్ని కన్నదాన్ని, నాకు కనబడలేదంటే ఎవడు నమ్ముతాడు? కనబడింది. మనకెందుకులే అనుకున్నాను.

శివరాత్రికి పిల్లలంతా ఇళ్ళకు పోయారు. అది ఉండిపోయింది. పొద్దున్నే బాత్రూంలో ఒక్కతే కనింది. ఆడబిడ్డ. తువ్వాల్లో చుట్టి, ఆటో ఎక్కి, కాలువ గట్టు మీద తుమ్మచెట్టు నీడలో పడుకోబెట్టి వచ్చింది. ఎవరో ఒకరు చూసి తీసుకుంటారనుకుందట. నీడ జరిగి ఎండ మీదికొచ్చేదాకా ఎవరూ అటు పోలేదు. ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం లేదు. ఆ పిల్ల ఎక్కిన ఆటో ఆ పెద్దాసుపత్రి గేటు ముందునుంచే పోయింది.

బట్టలు కలిసిపోకుండా తువ్వాలు మూలన ఎర్రదారంతో గది నంబరు కుట్టేదాన్ని నేనే. ఆ నంబరు పట్టుకునే పోలీసులు వచ్చారు. స్టేషన్లోనే ఎవరో దానికి ఊయల సంగతి చెప్పారు. చెప్పాల్సినప్పుడు ఒక్కరూ చెప్పలేదు. చెప్పగలిగిన దాన్ని నేను డబ్బాలు సర్దుకున్నాను.

ఆడపిల్లలకే చెబుతావా ఏంటి, అమ్మాయ్? మగపిల్లల్నీ కూర్చోబెట్టు. ఆ బిడ్డను అది ఒక్కతే తెచ్చుకుందా? వాడెవడో, ఎక్కడ చదువుతున్నాడో నా ఎదుట ఎవరూ అడగలేదు. బిడ్డను ఎవరి చేతికివ్వాలో, ఆ ముక్క మాత్రం పెద్దక్షరాల్లో రాయి. ఒక్క అక్షరం పోయినా నాకు తెలియదు, అదే నా భయం. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు.