అడుగు తగలకముందే

నేను ఒక మనిషికి అబద్ధం చెప్పాను. చాలా చిన్న అబద్ధం, ఒక్క గుక్కలో అయిపోయింది. దాన్ని మోయడం మాత్రం ఇన్నేళ్లయినా అయిపోలేదు. నా భార్యకు చెప్పలేదు. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టి మిగతా తప్పులే ఒప్పుకునేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బావుల లెక్క కట్టేవాణ్ణి. బడి చదువు అంతంత మాత్రం. ఎంత వెడల్పు బావికి ఎంత మట్టి వస్తుంది, ఎన్ని మట్లు దిగితే నీళ్లు పడతాయి, అన్నీ మనసులోనే కట్టి చెప్పేవాణ్ణి. మట్టు అంటే ఒక మనిషి నిలువు లోతు. బోర్లు వచ్చి, ఆ కరువు ఏళ్లలో బావులు తవ్వించేవాళ్లే లేకుండా పోయాక, బద్వేలు బయట ఒక ఆశ్రమంలో సామాన్ల గది చూసుకునే పనిలో చేరాను. మిలటరీ నుంచి తిరిగొచ్చి నిద్ర పట్టనివాళ్లను, ఇంట్లో ఇమడలేకపోయినవాళ్లను కొన్ని నెలలు ఉంచుకుని వైద్యం చేసే చోటు అది.

వైద్యం డాక్టరమ్మది. మాత్రలు తక్కువ. తమకు జరిగిన ఘోరాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా పైకి చెప్పాలి. మళ్లీ చెప్పాలి. మళ్లీ. భయం మొదట పెరుగుతుంది, ఆపకుండా చెప్పుకుంటూ పోతే తగ్గుతుంది. ఎన్నో చోట్ల పరీక్షించి చూసిన పద్ధతి అని ఆమె చెప్పేది. భయం ఎంత ఉందో సున్నా నుంచి నూరు దాకా అంకెల్లో చెప్పమంటే మా మనుషులు తెల్లమొహం వేశారు. "మట్లలో అడగండమ్మా" అన్నాను నేను. అడిగితే అందరూ ఠక్కున చెప్పారు. ఆ రోజు డాక్టరమ్మ నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వినడం నేర్పింది. వినడం కూడా ఒక పని అని నాకప్పుడే తెలిసింది. ఓదార్చకూడదు. మాట మార్చకూడదు. పోనీలే మర్చిపో అనకూడదు. మన వైపు మనిషికి ఇంతకంటే కష్టమైన పని ఏముంటుంది?

తర్వాత ఆమెకు వేరే ఊళ్లో పని వచ్చి వెళ్లిపోయింది. బదులుగా ఎవరూ రాలేదు. కూర్చుని వినడం నేర్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. వెళ్లేముందు ఆమె ఒకటే మాట చెప్పింది. ఏం చేసినా మధ్యలో ఆపొద్దు. సగంలో ఆపడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం. ఆదివారాలు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, ఎలా జరుగుతోందని అడిగేది.

అక్కడ నా ముందు కూర్చునేవాళ్లలో మద్దిలేటి ఒకడు, పత్తికొండ వైపు పల్లె. పెద్ద మనిషి, చిన్న గొంతు. మంచు కొండల్లో అతని తోటివాడు తూటా తగిలి బండ అవతల పడిపోయాడు. నీళ్లు అడిగాడు. మద్దిలేటి నడుముకు నీళ్ల సీసా ఉంది. వెళ్లలేదు. వెళ్లి ఉంటే తనూ పోయేవాడేమో, పోకపోయేవాడేమో, అతనికే తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా "నీళ్లు అడిగినాడు" దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. ఒక రోజు ఆ మాట దాటాడు. దాటగానే గొంతు మారింది. ఆ పడిపోయినవాడు తనే అయినట్టు, నీళ్లు, నీళ్లు అని అరిచాడు. వరండాలో జనం చేరారు. ఎన్ని మట్లు అని అడిగాను.

"అడుగు తగల్లేదప్పా" అన్నాడు.

బయటికి వస్తే వంట చేసే సుబ్బమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఏమప్పా, బావి తవ్వినట్టు మనిషిని తవ్వుతాండావే! ఆయప్ప సచ్చిపోతే ఎవురిది పూచీ?"

ఆ మాట నాలో దిగిపోయింది. మరునాడు నేను వెళ్లేసరికి మద్దిలేటి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గది ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అతను సిద్ధంగా ఉన్నాడు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా కోసింది అదే.

"కూసుందామా?" అన్నాడు.

"డాక్టరమ్మ ఫోన్ చేసినాది" అన్నాను. "నీకు ఇంక చాలంట. నయమైపోయిందంట."

అతను నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఎందుకలా అన్నాను? జాలి అని చాలాకాలం చెప్పుకున్నాను. జాలి కాదు. నా ముందు ఒక మనిషి అరుస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాలేదు. అతనికి ఏమైనా అయితే అందరూ నన్ను వేలెత్తి చూపుతారని భయం. అతను తన భయంలోకి దిగడానికి ఒప్పుకున్నాడు. పైన తాడు పట్టుకున్నవాణ్ణి నేను. నేను వదిలేశాను.

ఒకసారి వదిలాక మిగతావాళ్ల దగ్గరా అంతే అయింది. కూర్చునేవాళ్లం, టీ తాగేవాళ్లం, వానల సంగతి మాట్లాడుకునేవాళ్లం. ఆదివారం ఫోన్‌లో "జరుగుతాండాదమ్మా" అనేవాణ్ణి. వరండాలో అరుపులు ఆగిపోయాయి. ప్రశాంతంగా ఉందని వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. అంత మంచి వైద్యం ఆ ఆశ్రమంలో అలా ఆరిపోయింది, ఎవరికీ తెలియకుండా. నాకు తప్ప.

రెండు వేసవులు గడిచాక బంధువుల పెళ్లికి పత్తికొండ వైపు వెళ్లాను. దారిలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన చిన్న పందిరి, ఇసుకలో కుదురుగా పెట్టిన నీళ్ల కుండలు. ధర్మాత్ముడు, దినమంతా ఈడనే కూసుంటాడు అని పక్కనున్నవాడు చెప్పాడు. చెంబుతో నీళ్లు ముంచి ఇస్తున్నది మద్దిలేటి.

"ఏమప్పా లెక్కలాయనా, గుర్తు పట్టినావా?"

"మద్దిలేటీ! ఎట్లుండావు?"

"ఉండా. తాగు ముందు, నోరు పిడచగట్టినట్టుండాది." నేను దోసిలి పట్టాను. అతను పోస్తూనే మాట్లాడాడు. "వాడు ఇంకా వస్తాండాడప్పా. అడుగుతాండాడు. ఎంతమందికి పోసినా వాడికి సాలడంల్యా."

నేను తాగుతూనే ఉన్నాను.

"డాక్టరమ్మ శానా సదువుకున్నామె. నయమైనాదని చెప్పిందంటే అయినట్టే గదా. నయమైనంక కూడా ఇట్లనే ఉండాదంటే, ఇది రోగం కాదప్పా. నేనే ఇట్లాంటోన్ని. రోగానికైతే మందుంటాది. మనిషికి యాడుంటాది?" అని నవ్వాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. ఆయమ్మ అనలేదప్పా, నేనన్నాను. లే, మళ్లీ కూర్చుందాం. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. నా దోసిట్లో అతని నీళ్లు.

"ఇంకొంచెం పొయ్యప్పా" అన్నాను.

పోశాడు. తాగి బస్సెక్కాను.

మరుసటి వేసవి పనిగట్టుకుని వెళ్లాను. ఈసారి చెబుదామనే వెళ్లాను, నమ్మితే నమ్మండి. పందిరి లేదు. బళ్లారి పక్క పోయినాడు, యాడుండాడో తెల్దు అన్నారు. డాక్టరమ్మకూ నిజం చెప్పలేదు. చెబితే ఆమె ఏదైనా దారి చూపేదేమో. చూపితే నేను ఆ దారిన పోవాల్సి వచ్చేది.

మా పనిలో ఒక కట్టడి ఉండేది. తవ్వకం సగంలో ఆగిపోయిన బావి చుట్టూ ముళ్లకంప వేయకుండా ఇంటికి పోకూడదు. తెలియనివాళ్లు వచ్చి పడతారు. నేను కంప వేయలేదు. పైగా నీళ్లు పడ్డాయని చెప్పి వచ్చాను.

నీకు నయం కాలేదు మద్దిలేటీ. నువ్వు అలాంటివాడివి కావు. అది రోగమే, దానికి మందుంది, నువ్వు అందులో చాలా లోతుకు దిగావు. ఆపింది నేను.

అతను చదవడు. తెలుసు. మీరు చదివారు, అంతే. ఈ మాట నా నోట్లో తప్ప ఇంకో చోట ఉండటం ఇదే మొదటిసారి.